పట్టాలకు ఇవతల అవ్వ, అవతల ఖాజాబీ

మా చిన్నప్పుడు... మానవపాడు దగ్గర మా ఊళ్లో, మధ్యాహ్నం అంబలి తాగి గిన్నె కడగ్గానే మా అవ్వ రైలు పట్టాలు దాటేది. నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవతలి వాడలో ఖాజాబీ ఉండేది... అవ్వకు ప్రాణ స్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికి వచ్చారట. పొద్దు వాలేదాకా ఆకువక్క నములుతూ కోడళ్ల మీద చాడీలు చెప్పుకునేవారు.

నేను ఐదో తరగతిలో ఉండగా కొత్త రైల్వే పోలీసు వచ్చాడు. పట్టాలు దాటితే కేసే! అంతకుముందే మా ఊరి మనిషి ఒకడు రైలు కింద పడి చనిపోయాడు, కాబట్టి ఆయనది తప్పనలేం. కానీ రైలు గేటు మీదుగా చుట్టు తిరిగి పోవాలంటే రెండు మైళ్లు... అవ్వ మోకాళ్లు ఎక్కడ ఒప్పుకుంటాయి? ఖాజాబీకేమో చూపే సరిగ్గా ఆనదు.

ఊరుకుంటారా మరి! ఇవతలి గట్టు మీద అవ్వ, అవతలి గట్టు మీద ఖాజాబీ... కేకలేసుకుంటూ ముచ్చట్లు. కోడళ్ల సంగతులన్నీ ఊరంతా వినేది. మధ్యలో గూడ్సు వస్తే, ఎంత పొడుగైనా సరే, అది పోయేదాకా ఆగి, ఆపిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. ఒకసారి అవ్వ విసిరిన ఆకువక్క పొట్లం పట్టాల నడుమ పడింది. ఆ పోలీసే గొణుక్కుంటూ తీసుకెళ్లి ఖాజాబీకి ఇచ్చాడు.

ఓ రోజు ఖాజాబీ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు ఆమె మనవరాలు అవతలి నుంచి అరిచింది.

"అవ్వా, మా నానీకి మస్తు జ్వరం... నిన్నే యాది చేస్తుంది!"

అంతే, అవ్వ కుచ్చెళ్లు ఎగజెక్కి కంకర మీదికెక్కింది. పోలీసు ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కేసు రాసుకో బిడ్డా, జైల్ల ఎయ్యి... జర ఆమెను చూసొచ్చినంక ఎయ్యి" అని అవ్వ బోరుమంది.

ఆయన అవ్వ చెయ్యి వదిలాడు. "పట్టాల మీదికెల్లి మాత్రం పోనియ్యనవ్వా" అని తన మోపెడ్ తెచ్చాడు. అవ్వను వెనక కూర్చోబెట్టుకుని, నన్ను ముందు నిలబెట్టుకుని, గేటు మీదుగా తీసుకెళ్లాడు.

మంచంలో ఉన్న ఖాజాబీ కళ్లు తెరిచింది. "ఎట్లొచ్చినవే?"

"పోలీసోడు పట్కొచ్చిండే!"

ఇద్దరూ ఒకటే నవ్వు... ఖాజాబీకి దగ్గు తెర వచ్చేదాకా నవ్వారు. అవ్వ ఇక ఇంటికి రానంది. మర్నాడు పొద్దున్నే ఖాజాబీ పోయింది.

ఇప్పుడక్కడ గోడ కట్టారు. మంచిదే, ప్రాణాలు నిలుస్తాయి. నా ఫోనులోనూ బోలెడు మంది ఉన్నారు... కానీ నాకోసం అంత గొంతు చించుకునే మనిషి ఒక్కరూ లేరు. మీకున్నారా? ఉంటే కింద ఆ పేరు రాయండి... చదువుకుంటాను.