మత్తు డాక్టరుకు ఈథర్ అలవాటైనప్పుడు

ఒక ఆదివారం పొద్దున మా ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటే ఈథర్ వాసన వచ్చింది. ఆ వాసన నాకు కొత్త కాదు. మా ఆయన మునిరత్నప్ప మత్తు డాక్టరు. డెబ్భైల చివర్లో మా వైపు మత్తు ఇచ్చే డాక్టర్లు బాగా తక్కువ. అందుకని మేం కాపురమున్న పుంగనూరు నుంచి బస్సెక్కి ఒకరోజు మదనపల్లె, ఒకరోజు కుప్పం పోయి, అక్కడి నర్సింగ్ హోముల్లో ఆపరేషన్లకు ఈథర్ పీల్పించి మత్తు ఇచ్చి వచ్చేవారు. ఇంటికొచ్చేసరికి చొక్కాకు ఆ తియ్యటి ఘాటు పట్టి ఉండేది. కానీ శనివారం నుంచి ఆయన గడప దాటలేదు. ఒంటి మీద ఉతికిన బనియనుంది. వాసన ఊపిరిలోంచి వస్తోంది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. అర్థం కానిది ఉంటే దాని వెంట పడటం నా స్వభావం. అడిగాను. సంచిలో సీసా మూత వదులై కారిందన్నారు. సంచి చూస్తే పొడిగానే ఉంది.

తర్వాత ఆయనకు తిండి తగ్గింది. పొద్దున లేస్తూనే వాంతులు, చేతులకు వణుకు. కామెర్లేమోనని మదనపల్లెలో రక్తం, మూత్రం పరీక్ష చేయించాం. లివర్ ఫంక్షన్ టెస్టులో కొంచెం తేడా ఉంది, తాగుతారా అని అడిగారు అక్కడి ఫిజీషియన్. లేదన్నాం. అది నిజమే, ఆయన సారాయి చుక్క ముట్టరు.

అసలు సంగతి కుప్పం డాక్టరమ్మ జుబేదా వచ్చి చెప్పింది. ఆమె నర్సింగ్ హోములోనే ఆయన వారం వారం మత్తు ఇచ్చేది. ముందురోజు సిజేరియన్ జరుగుతుండగా ఆయన పేషెంటు తల దగ్గర కూర్చుని కునికారట. తల్లి పెదాలు నీలంగా మారడం నర్సు కంటబడింది. డాక్టరమ్మ గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి లేచి ఆక్సిజన్ ఎక్కువ చేశారట.

“తల్లీబిడ్డా బాగుండారమ్మా,” అంది ఆమె. “కానీ ఆయన్ను నేనింక థియేటర్లోకి రానీను. మదనపల్లె వాళ్ళకూ చెప్పినా. ఆయన ఈథర్ పీలుస్తాండారు. కోప్పడితే పొయ్యేది కాదిది, జబ్బు. బెంగళూరుకు పిలుచుకొని పో.”

ఆయన అక్కడే కూర్చుని అంతా విన్నారు. ఆమె పోయాక నేను కోప్పడలేదు. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. ఏముంది దాంట్లో అని అడిగాను. ఒకనాడు పంటినొప్పికి దూదిలో మిగిలిన ఈథర్ పీల్చానని, నొప్పి పోయి హాయిగా నిద్ర పట్టిందని, అట్లా మొదలైందని చెప్పారు.

“చెవుల్లో గుయ్యిమంటాది. నువ్వు మాట్లాడేది యాడనో దూరంగా వినిపిస్తాది. నాకేమీ సంబంధం లేదనిపిస్తాది,” అన్నారు. నాకు ఏడుపొచ్చింది ఆ చివరి మాటకే.

బెంగళూరులో సైకియాట్రిస్టు ఇది హ్యాబిట్ కాదు, డిపెండెన్స్, అది లేకుండా ఒళ్ళు నిలవదు అన్నారు. అడ్మిట్ చేసుకున్నారు. ఈథర్ ఆగేసరికి ఆయనకు చెమటలు, ఒళ్ళంతా వణుకు. దుప్పటి మీద చీమలున్నాయని దులుపుతూ కూర్చున్నారు. మెదడుకు ఇ.ఇ.జి. తీశారు. వణుకు అణగడానికి వేలియం ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఈథర్ సంగతి అంతా తెలిసిన మనిషి ఎందుకిట్లా చేశారని నేను డాక్టరును అడిగాను.

“ఎంత పీలిస్తే ఏమీ కాదో నాకు తెలుసుననే ధైర్యం, తెలిసినవాళ్ళకే ఎక్కువమ్మా,” అన్నారాయన.

ఇంటికొచ్చాక కొన్ని నెలలు బాగున్నారు. సాయంత్రం నన్ను పిలుచుకొని రావడానికి కాలేజీకి వచ్చేవారు. ఒకరోజు ఎంతసేపటికీ కనపడకపోతే వెతికాను. మా ల్యాబు పక్క గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, ఒళ్ళో చేతిరుమాలు. కప్పల్ని కోసేముందు వాటికి మత్తు పెట్టే క్లోరోఫాం సీసా మూత తీసి ఉంది. నాడి పట్టుకుంటే ఒకసారి కొట్టి ఒకసారి తప్పుతోంది. ప్రిన్సిపాల్ కారులో మదనపల్లె తీసుకుపోయాం. ఇ.సి.జి. చూసిన డాక్టరు, ఇంకాసేపు పీల్చి ఉంటే గుండె ఆగిపోయేదన్నారు.

మళ్ళీ బెంగళూరు. ఈసారి ఆ డాక్టరు ఒక్కటే అడిగారు: థియేటరు కావాలా, ప్రాణం కావాలా అని. మత్తు ఇచ్చే పని అంటే మా ఆయనకు ప్రాణమే. ఆ పూటంతా గోడవైపు తిరిగి పడుకున్నారు. మరుసటి పొద్దున, “జొరాలకు మందులిచ్చుకుంటా ఉంటాలే,” అన్నారు.

పుంగనూరులో మా ఇంటి ముందుగదిలోనే క్లినిక్ పెట్టారు. మొదట్లో పేషెంట్లు లేక పేపరు చదువుతూ కూర్చునేవారు. ఇప్పుడు సంతరోజు బెంచీలు చాలవు. బెంగళూరు డాక్టరుకు చూపించుకోవడం మాత్రం మానలేదు.

ఈమధ్య ఆయనకే హెర్నియా ఆపరేషన్ కావలసి వచ్చింది. ఇద్దరం భయపడ్డాం. ఆపరేషన్‌కంటే మత్తుకు. మదనపల్లెలో మత్తు డాక్టరు ఒక కుర్రాయన. బీపీ చూడటానికి వస్తే మా ఆయన తనే చెప్పారు.

“ఈథర్‌కు అడిక్ట్ అయినవాణ్ణప్పా నేను. మానేసి ఏళ్ళయింది. వీలైతే నడుముకు సూదేసి స్పైనల్ ఇయ్యి. నొప్పికి కూడా పెథిడిన్ వద్దు, అదీ అలవాటు పడేదే.”

నేను కిటికీవైపు చూశాను.

తోటి పాఠకులకు నేను చెప్పగలిగింది ఇదే. మీ ఇంట్లో ఎవరికైనా మత్తుమందు అలవాటు ఉంటే, ఎప్పుడో మానేసినా సరే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు చెప్పండి. అడగలేదు కదా అని ఊరుకోవద్దు. ఏమనుకుంటారోనని మేమూ తల్లడిల్లాం. ఆ కుర్ర డాక్టరు ఏమీ అనుకోలేదు. “మంచిపని చేసినారు సార్, పెథిడిన్ రాద్దామనే ఉంటిని,” అని కేస్ షీటులో రాసుకుని, స్పైనల్ సూది సిద్ధం చేయమని నర్సుతో చెప్పాడు.