తమ్ముడి మిషన్‌కి కాపలా

మా ఇంట్లో టీవీ పక్కన అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి ఉంది. దానికి ఒక ఫ్యాను, ముందు బొటనవేలంత తెర. పగలూ రాత్రీ గుయ్‌మంటుంది. బిట్‌కాయిన్ తవ్వుతుందని మా తమ్ముడంటాడు. ఎక్కడ తవ్వుతుందో నేను చూడలేదు. దుమ్ము మాత్రం బాగా పీలుస్తుంది. తుడిచేది నేనే.

మిషన్ సంగతి చెప్పాలంటే ముందు తమ్ముడి సంగతి చెప్పాలి. సునామీకి ముందు వాడూ నా పెనిమిటీ ఒకే డింగీ మీద వేటకెళ్ళేవారు. డింగీ అంటే మా దగ్గర ఇంజను బిగించిన చిన్న పడవ. ఆ ఏడు దక్షిణాన ఇంకో దీవిలో ఉన్న హట్‌బే వైపు చేప బాగా పడుతోందని ఇద్దరూ వెళ్ళి అక్కడే ఒడ్డున పాక వేసుకున్నారు. నీళ్ళు వచ్చిన పొద్దున తమ్ముడు తాగునీళ్ళకని రెండు క్యాన్లు పట్టుకుని మెరక మీదికి వెళ్ళాడు. నా పెనిమిటి డింగీ దగ్గరే ఉండిపోయాడు. డింగీ దొరకలేదు. మనిషీ దొరకలేదు. కొన్నాళ్ళకి తమ్ముణ్ణి ఓడలో పోర్ట్‌బ్లెయిర్‌కి తెచ్చి దింపారు. జంగ్లీఘాట్‌లో మా ఇంటి దాకా నడిచొచ్చాడు. చేతుల్లో ఆ క్యాన్లు రెండూ ఉన్నాయి. వాటిని నేను పారెయ్యలేదు, గుమ్మంలో పెట్టి నీళ్ళకి వాడుకున్నాను. మంచి క్యాన్లు.

వాడు మళ్ళీ పడవెక్కలేదు. "నీ తప్పు కాదురా" అని చెప్పాను. తలూపాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తలూపాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాను. నేను మార్కెట్లో చేపలమ్ముకుంటూ ఇల్లు నడిపాను. వాడు ఒక మెట్ల కింద బల్ల వేసుకుని మొబైళ్ళు బాగుచేసేవాడు. ఇంజన్లు విప్పిన చెయ్యి కదా, ఫోన్లు దానికి ఒక లెక్క కాదు. పెళ్ళి మాటెత్తితే లేచిపోయేవాడు. పడవ మాటెత్తితే అన్నం ముందునుంచి కూడా లేచిపోయేవాడు. ఏళ్ళ తరబడి అలా ఎదురుగా కూర్చుని తిన్నాం. మీకు నిజం చెప్పాలంటే, నాకు విసుగొచ్చేది. పోయినవాడు నా మొగుడు. నేను పొద్దున్నే లేచి తట్ట ఎత్తుకుంటున్నాను. వీడు కిటికీ వైపు కూడా చూడడు, అక్కణ్ణుంచి సముద్రం కనబడుతుందని.

నాకు అక్షరాలొచ్చింది కూడా సునామీ తర్వాతే. మమ్మల్నందర్నీ రేకుల షెడ్డుల్లో ఉంచినప్పుడు ఒక టీచరమ్మ, ఆంధ్రా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, సాయంత్రాలు ఆడవాళ్ళని కూర్చోబెట్టి అ ఆలు దిద్దించింది. హిందీ బస్సు బోర్డులు చూసి పట్టుకున్నాను. ఏబీసీలు ఫోను నేర్పింది. ఇప్పటికీ నా వేలు ముందు నడవాలి, కళ్ళు దాని వెనక నడుస్తాయి. అందుకే ఏదైనా చదివానంటే మొత్తం చదువుతాను. పైపైన చూసి వదిలెయ్యడం నాకు చేతకాదు.

చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చి ఇక్కడ ఇంటర్నెట్ కాస్త మనుషులు వాడేలా అయ్యాక, గరాచర్మలో ఉండే ఒక ఉద్యోగి బదిలీ మీద వెళ్ళిపోతూ ఈ మిషన్ని తమ్ముడికి అమ్మేశాడు. వాడు గుడ్డలో చుట్టుకుని తెచ్చాడు, పసిబిడ్డని తెచ్చినట్టు.

"ఇదేట్రా?"

"మైనింగ్ మిషనప్పా." మావాళ్ళు అక్కని అప్పా అంటారు.

"ఏటి తవ్వుద్ది?"

"ఒక లెక్క ఎతుకుతాది. ప్రపంచంలో ఉన్న మిషన్లన్నీ అదే లెక్క ఎతుకుతుంటాయి. ఎవులికి ముందు తగిల్తే ఆ బిట్‌కాయిన్లు ఆలవి."

"అంతమందిలో నీకు తగుల్తాదా?"

"తగల్దు."

"మరి?"

"తగిల్తే తగుల్తాది."

అందరూ కలిసి పెద్ద వల లాగి వాటాలు పంచుకునే గుంపులు కూడా ఉన్నాయట, పూల్ అంటారు. వాటిలో రోజూ చిల్లర రాలుతుంది. మావాడు వాటిలో చేరలేదు. ఒంటరిగా గేలం వేసేవాళ్ళ పూల్‌లో చేరాడు. ఎక్కడో ఉన్న కంప్యూటర్ ఒకటి మన మిషన్‌కి పని అందిస్తుంది, చేసిన పని తీసుకుంటుంది. తగిలితే దాదాపు అంతా నీది. తగలకపోతే గాలి. ఈ జన్మకి తగలదని వాడికీ తెలుసు. అయినా బల్ల దగ్గర్నుంచి మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తుకొచ్చేవాడు, లైనుందో లేదో చూసుకోడానికి. కరెంటు పోతే వాడి మొహంలో రంగు పోయేది. సముద్రాన్ని వదిలేసినవాడు ఆ గేలాన్ని మాత్రం పట్టుకు కూర్చున్నాడు.

అలా ఉండగా నా పెనిమిటి స్నేహితుడొకాయన ఇంటికొచ్చాడు. పెద్ద పడవ ఉన్న మనిషి. నన్ను వదినా అంటాడు.

"వదినా, నా ఇంజను డ్రైవరు ఆటో కొనుక్కున్నాడు. ఇంక రాడు. నీ తమ్ముడి చెయ్యి పడితే సచ్చిన ఇంజనైనా లేస్తాది. పున్నమెళ్ళేదాకా సూస్తాను. రాకపోతే చౌల్దారీ నుంచి ఒకడొస్తానంటన్నాడు, ఆణ్ణి పెట్టేస్తాను."

యాభై దాటినవాణ్ణి, ఇన్నేళ్ళు నీళ్ళకి దూరంగా ఉన్నవాణ్ణి, మళ్ళీ ఎవరు పిలుస్తారు? ఇది పోతే ఇంక పిలుపు లేదు. నేను ఉన్నన్నాళ్ళు అన్నం పెడతాను. తర్వాత వాడు ఆ మెట్ల కింద ముసలాడైపోతాడు.

తమ్ముడు ఈసారి లేచిపోలేదు. "నానెల్తే మిషన్ లైను తెగిపోద్ది అప్పా. ఎవులు సూస్తారు?" అన్నాడు.

అది సాకు. నాకు తెలుసు, వాడికీ తెలుసు. కానీ సాకుని తీసెయ్యొచ్చు. భయాన్ని తియ్యలేం.

"నాను సూస్తాను."

"నీకు రాదు."

"రాదు. నేర్పు."

నేర్పాడు. కరెంటు పోయి వస్తే ముందు రౌటర్. దాని మీద భూగోళం బొమ్మ ఉన్న లైటు నిలకడగా పచ్చగా వెలిగేదాకా మిషన్ని ముట్టుకోకూడదు. తర్వాతే మిషన్ స్విచ్చి. దాని తెర మీద చుక్కలు పెట్టిన అంకెలొస్తాయి. ఇంట్లో దాని గది నంబరన్నమాట, ఒక్కోసారి మారిపోతుంది. ఆ అంకెలు ఫోన్లో కొడితే మిషన్ పేజీ తెరుచుకుంటుంది. చేసిన పని అంకె పెరుగుతోందా చూడాలి. తర్వాత పూల్ వాళ్ళ పేజీ తెరిచి, మన పేరు కింద పని ఇప్పుడే అందిందని ఉందా చూడాలి. పేరంటే మనిషి పేరు కాదు. బారెడు పొడుగున్న అక్షరాలూ అంకెలూ, పూల్‌కి మనమెవరో చెప్పేది అదే. ఇవన్నీ నాచేత చేయించి, తప్పు చేసినప్పుడల్లా "సెప్పేను కదా" అన్నాడు. నేను వాడికి నడక నేర్పినప్పుడు ఆ మాట అనలేదు.

పున్నమి వెళ్ళకముందే వాడు పడవెక్కాడు. నేను రేవుకి వెళ్ళలేదు. వెళ్తే దిగిపోతాడేమోనని.

రెండ్రోజులు బాగానే ఉంది. తర్వాత గాలీ వానా వచ్చి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది. నేను మార్కెట్లో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి మిషన్ తనంతట తానే లేచి గుయ్‌మంటోంది. దాని పేజీలో పని అంకె చకచకా పెరుగుతోంది. పూల్ పేజీలో మాత్రం మీ దగ్గర్నుంచి పొద్దున్నుంచీ ఏమీ రాలేదని ఉంది. పడవ నిండా చేపున్నట్టు కనబడుతోంది, రేవులో మాత్రం తట్ట కూడా దిగలేదు.

కేబుల్ కుర్రాడికి ఫోన్ చేశాను. వచ్చి చూశాడు.

"ఆంటీ, లైన్ తో బిల్కుల్ ఠీక్ హై. మీ రౌటరే బుడ్ఢా అయిపోయింది. కరెంటొచ్చాక లైను పట్టుకోడానికి దేర్ లగ్తా హై."

"నేనూ బుడ్ఢీనే బేటా. లేటుగా లేస్తాను, పని మానట్లేదు కదా."

వాడు నవ్వి, టీ తాగి వెళ్ళాడు.

మిషన్ ఆపి, వెయ్యమన్న వరసలో వేస్తే పూల్ పేజీలో మన పేరు వచ్చేసింది. మర్నాడు కరెంటు పోయి వచ్చింది, మళ్ళీ అదే తంతు. ఇంక లాభం లేదని కళ్ళజోడు పెట్టుకుని మిషన్ సెట్టింగుల పేజీ మొదట్నుంచి వేలు పెట్టి చదివాను. మొదటి గడిలో పూల్ గేటు, దాని కింద మా తమ్ముడి పేరు. ఇంకా కిందికి పోతే రెండో గడి. మొదటి గేటు తెరుచుకోకపోతే వెళ్ళాల్సిన ఇంకో గేటు, అదే పూల్‌ది. దాని కింద కూడా బారెడు పేరుంది. మొదటి నాలుగక్షరాలూ ఒకటే. ఐదోది వేరు. ఆరోది వేరు. చివరిదాకా వేరు.

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ రెండో పేరు, మిషన్ అమ్మి వెళ్ళిపోయిన గరాచర్మ ఉద్యోగిది. తమ్ముడు కొన్నప్పుడు పై గడిలో తన పేరు రాసి, కింది గడి నిండుగా ఉంది కదా అని వదిలేశాడు. కరెంటొచ్చినప్పుడు మిషన్ ముందు లేస్తుంది, రౌటర్ వెనక లేస్తుంది. మిషన్ మొదటి గేటు కొట్టి కొట్టి విసిగి రెండో గేటుకి పోతుంది, ఈలోపు లైనొస్తుంది, ఇంక అక్కడే ఉండిపోతుంది. ఎవరో ఆపి వేసేదాకా. మా రేవులో ఒక పద్ధతుంది. మన పడవ మూలపడితే ఎవరి పడవైనా ఎక్కొచ్చు, కానీ ఆ రోజు మన గేలానికి పడ్డ చేప ఆ పడవదే. మా మిషన్ చేస్తున్నది అదే. కరెంటు పోయినప్పుడల్లా ఆ సారు పడవెక్కేస్తోంది. పాపం ఆయనకి తెలిసి కూడా ఉండదు.

నాకు నవ్వొచ్చింది, నీరసమూ వచ్చింది. నవ్వుతూ ఉండగానే ఫోను మోగింది. తమ్ముడు.

"అప్పా."

"ఎక్కడున్నావురా?"

వెనకాల ఎవరో ఐసు పెట్టెలు లాగుతున్న చప్పుడు.

"హట్‌బే. ఐసెక్కిస్తన్నారు. ఇక్కణ్ణుంచి ఇంకా కిందకెల్తారంట. ఓడ ఉంది ఇవాళ, పోర్ట్‌బ్లెయిర్‌కి. మిషన్ లైనుందా?"

నేను మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి మాట్లాడే మనిషిని కాను. మార్కెట్లో అడగండి, నా నోటికి ఎవరూ ఎదురు రారు. కానీ ఆ పూట నాకు తెలిసింది, వాడికి కావలసింది ఓడెక్కడానికి ఒక కారణం. అది నా చేతిలో, ఫోన్ తెర మీద వెలుగుతూ ఉంది. లేదు, చెడిపోయింది, నీ పేరు మీద పని వెళ్ళట్లేదు అంటే చాలు. సాయంత్రానికి ఇంటికొచ్చి మిషన్ పక్కన కూర్చుంటాడు. చౌల్దారీవాడు ఆ ఇంజను దగ్గర నిలబడతాడు.

"లైనుంది" అన్నాను. అబద్ధం కాదు. లైను ఉంది. ఎవరి పడవ మీద ఉందో వాడు అడగలేదు.

"నిజంగా?"

"ఉందని సెప్పేను కదా. ఐసు కరిగిపోద్ది. పో."

పెట్టేశాను. కాసేపు నేలమీద కూర్చున్నాను. ఆ ఊరు పేరు వాడి నోట విని ఎన్నేళ్ళయిందో.

తర్వాత రెండో గడి చెరిపి తమ్ముడి పేరు కొట్టడం మొదలెట్టాను. పైదాన్ని ఎత్తి కింద అతికించొచ్చట. నేను వేలు నొక్కిపెడితే నీలంగా మారుతుంది, ఆ తర్వాత ఎటు పోతుందో దేవుడికి తెలియాలి. అందుకని ఒక్కో అక్షరం చూసి ఒక్కోటి కొట్టాను. అందులో సున్నాని పోలిన ఇంగ్లీషు 'ఓ' అక్షరం వాడరని తమ్ముడు ముందే చెప్పాడు. ఎవరు చేశారో గాని నాబోటి వాళ్ళని తలుచుకునే చేసుంటారు. మిషన్ ఆపి వేశాను. అది మొదటి గేటుకే పోయింది. రెండోది సరిగ్గా కొట్టానో లేదో తెలియాలంటే మళ్ళీ కరెంటు పోవాలి. వీధంతా కరెంటు పోతే తిడుతుంది, నేనొక్కదాన్నే ఎదురుచూశాను.

పోయింది. వచ్చింది. రెండో గేటు నేను కొట్టిన పేరు చెల్లదంది. మళ్ళీ వేలు పెట్టి చూస్తే ఒకచోట అంకె తప్పు. దిద్దాను. మళ్ళీ కరెంటు కోసం చూశాను. అది పోవడానికి ఒక రోజు తీసుకుంది, ఎప్పుడూ లేనిది. ఈసారి వచ్చాక పూల్ పేజీలో తమ్ముడి పేరు కింద పని ఇప్పుడే అందిందని ఉంది. సంతోషం కలగలేదు. నడుం నొప్పిగా ఉంది, పడుకున్నాను.

తమ్ముడు నల్లగా మాడి వచ్చాడు. చేతులకి ఆయిలు. సూరమీను ఒకటి గుమ్మంలో పెట్టి మిషన్ వైపు నడిచాడు. నేను అన్నం పెట్టకముందే చెప్పేశాను, మొత్తం, ఫోనొచ్చిన రోజుతో సహా.

"అయితే ఇన్నాళ్ళూ మన మిషన్ ఆ సారుకి కూలికెల్లిందా?"

"కరెంటు పోయినప్పుడల్లా."

"మరి ఫోన్లో సెప్పలేదేటి?"

"సెప్తే వచ్చేసుందువు."

వాడు చేతి ఆయిలు చూసుకున్నాడు. "వచ్చేసుందును" అన్నాడు.

అన్నం తింటూ తనంతట తానే చెప్పాడు. పాక ఉన్న చోట సిమెంటు గోడ కట్టారంట. ఎవరో దానిమీద బట్టలారేసుకున్నారంట. దాన్ని చూస్తూ టీ తాగానన్నాడు. టీ బాగోలేదన్నాడు. అంతకంటే నేనూ అడగలేదు.

"మిషన్ ఆపేద్దామేటి?" అన్నాను.

"నీ ఇష్టం అప్పా. ఇప్పుడు నీకే బాగా తెలుసు." అని చెయ్యి కడుక్కోడానికి లేచాడు. దాని తెర వైపు చూడలేదు.

మళ్ళీ వేటకి పిలుపొచ్చినప్పుడు పొద్దున్నే గుమ్మంలో చప్పుడైంది. చూస్తే క్యాన్లు రెండూ కడుగుతున్నాడు. ఆ క్యాన్లే. పడవలో నీళ్ళు చాలట్లేదన్నాడు. నింపుకుని, చేతికొకటి పట్టుకుని రేవు వైపు దిగిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి వాడి వీపు మలుపు తిరిగేదాకా చూశాను. ఇంక ఇంట్లో నీళ్ళకి నేనే ఏదో చూసుకోవాలి.

లోపలికొచ్చేసరికి కరెంటు పోయింది. గుయ్‌మనడం ఆగింది. కుర్చీ లాక్కుని రౌటర్ ఎదురుగా కూర్చున్నాను, పచ్చలైటు వచ్చేదాకా.