పలక మీద సుత్తి గుంటలు

ఓబళప్పకు అసహ్యం పుట్టించేవాళ్లు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. గడియారంలో కొబ్బరినూనె పోసేవాళ్లంటే ఒళ్లు మంట. లోపలి యంత్రం పీకేసి బ్యాటరీ డబ్బా బిగించి, పనీపాటా లేని లోలకాన్ని ఉత్తినే ఊగనిచ్చేవాళ్లంటే ఇంకా మంట. చిక్కపేటలో చీరల గోడౌను మెట్ల కింద, బల్ల వేస్తే మనిషికి చోటు చాలని అంగడిలో కూర్చుని, వచ్చిన ప్రతి గడియారాన్నీ బాగుచేస్తూ, తెచ్చిన ప్రతి మనిషినీ తిడుతూ పాతికేళ్లు గడిపేశాడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఆ నోటికి విశ్రాంతి లేదు. పని మంచిదని జనం ఓర్చుకుంటారు.

ఆ పొద్దున వర్తూరు నుంచి ముసలి మొగుడూ పెళ్లాలు వచ్చారు. అక్కయమ్మ చేతుల్లో పాత దుప్పటి చుట్టిన గంటల గడియారం ఉంది. వెనకాల ఆదినారాయణప్ప, చెప్పులు విడవాలో వద్దో తేలక నిలబడ్డాడు.

ఓబళప్ప గడియారం వెనక తలుపు తీశాడు. మురిగిన నూనె కంపు గుప్పుమంది. చక్రాల మధ్య నల్లటి జిగురు, అందులో అతుక్కుపోయిన బొద్దింక కాళ్లు.

"థూ! గడియారమా ఇది, మోరీనా?" అని అరిచాడు.

యంత్రాన్ని బయటికి తీసి పెట్రోలులో ముంచి తోమాడు. ఇత్తడి పలక కాస్త తేటపడగానే అసలు ఘోరం కనబడింది. ఇరుసు తిరిగే రంధ్రం చుట్టూ ఏడెనిమిది సుత్తి గుంటలు.

"ఎవుడమ్మా దీన్ని ఇట్లా కొట్టింది?" అని ఇంకా గట్టిగా అరిచాడు.

"ఇంకెవురు? ఈయప్పే," అంది అక్కయమ్మ, మొగుడివైపు చూడకుండానే.

"నేను ముట్టలేదు," అన్నాడు ఆదినారాయణప్ప. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాట అది.

ఓబళప్ప గొంతు మెట్లదాకా వినిపించింది. "ఇట్ల చూడప్పా! కీ ఇస్తే ఈ స్ప్రింగు బిగుసుకుంటాది. వదిలేస్తే ఒక్క గడియలో మొత్తం విప్పుకునేస్తాది. దాన్ని పట్టి ఆపేది ఈ కొక్కెం. లోలకం ఇటు పోతే ఒక పన్ను వదులుతాది, అటు పోతే ఇంకో పన్ను. నువ్వు వినే టిక్కు టక్కు అదే. జారే ప్రతి పన్నూ లోలకాన్ని రవ్వంత తోస్తాది, అందుకే అది నిలవకుండా ఊగుతా ఉండాది. ఏండ్లు తిరిగితే రంధ్రం అరిగి కోడిగుడ్డు మాదిరి అయితాది. చక్రం ఒరుగుతాది, పండ్లు సరిగా కలవవు. అప్పుడు రంధ్రం పెద్దది చేసి కొత్త ఇత్తడి గొట్టం దించల్ల. సగం దినం పని! ఒళ్లు వంగని నాయాలు ఏం చేస్తాడు? చుట్టూ నాలుగు దెబ్బలు కొడతాడు. ఇత్తడి నలిగి రంధ్రం ఇరుకైతాది. రెండేండ్లు నడుస్తాది, ఆమీట పలకే పాడు. ఏం పోయేకాలమొచ్చి కొట్టినావు?"

"నేను ముట్టలేదప్పా."

అక్కయమ్మ అందుకుంది. "ముప్పై ఏండ్ల కింద అవెన్యూ రోడ్డు పక్క సందులో ఒక అంగడిలో రిపేరీ చేయిస్తిమి. ఇప్పుడు ఆ అంగడి లేదు. రెండేండ్లకు నిలిచిపోతే మళ్లీ తీసుకపోతిమి. ఇంట్లో ఎవురో సుత్తితో కొట్టినారు, మాకు సంబంధం లేదు అని ఆ రిపేరీ ఆయన మొగం మీదే చెప్పినాడు. మా ఇంట్లో సుత్తి పట్టేది ఈయప్పొకడే. కొట్టినానని ఒప్పుకుంటే పోయేదే కదా? నా కోపం గడియారానికి కాదు, అబద్ధానికి. ఆ పొద్దు నుంచి ఈయప్ప ఏం చెప్పినా నేను నమ్మేది లేదు."

ఓబళప్ప చేయి ఆగింది. ఆ సందులో, ఆ అంగడిలో అప్పట్లో పనిచేసింది తనే. పలకను తిప్పి లోపలివైపు గుడ్డతో తుడిచాడు. బాగుచేసినవాడు తన గుర్తూ తేదీ అక్కడ సూదితో గీయడం ఈ పనిలో ఆనవాయితీ. మూలన సన్నగా ఉంది: ఓ, 12-3-94.

తన చేతి రాతే. సగం దినం పనికి బద్ధకించి, సుత్తి పట్టింది తనే. రెండేళ్లకు అది తిరిగొస్తే, తన పనేనని తెలిసీ, ఎదురుగా నోరు లేనివాడిలా నిలబడ్డ ఈ మనిషి మీదకు నెట్టేసిందీ తనే.

బొద్దింక కాళ్లు చూసినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. ఛీ, ఇన్నాళ్లూ ఏ మొహం పెట్టుకుని ఊరందరినీ తిట్టాను అనుకున్నాడు. గరుకు కాగితం పక్కనే ఉంది. రెండుసార్లు రుద్దితే గీత మాయమవుతుంది. వేళ్లు దాని మీదకు వెళ్లాయి కూడా. ఆదినారాయణప్ప ఇంకా తిట్లు పడతాయేమోనని తల వంచుకుని నిలబడే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనూ ఇలాగే నిలబడి ఉంటాడు.

ఓబళప్ప గరుకు కాగితాన్ని బల్ల కిందకు విసిరేశాడు. పలక వైపే చూస్తూ గొణిగాడు. "ఈయప్ప కొట్టలేదమ్మా. కొట్టింది నేను. ఆ పొద్దు అబద్ధం చెప్పిందీ నేనే. ఇదో, నా గుర్తు."

అక్కయమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. దుప్పటి మడతపెట్టుకుంటోంది. ఆదినారాయణప్ప మాత్రం మెల్లగా తల ఎత్తాడు. ముందుకు వంగి ఓబళప్ప మోచేయి పట్టుకున్నాడు.

"ఆమెకు చెవుడప్పా," అన్నాడు. "ఇందాక నన్ను తిట్టినంత గట్టిగా చెప్పు."