రాంబాబుకి రివర్సు పేరు తెచ్చింది నేనే

హనుమాన్ జంక్షన్‌లో వెల్డింగ్ షాపు రాంబాబుని పదేళ్లుగా అందరూ రివర్సు రాంబాబు అంటున్నారు. ఆ పేరు నిజానికి నాకు రావలసింది. ఇన్నాళ్లూ ఈ సంగతి దాచాను. ఇప్పుడు చెబుతున్నాను, తీరిగ్గా నవ్వుకోండి.

ముసునూరులో మా మామిడి తోట షెడ్డులో తాతగారి లారీ ముప్పై ఏళ్లుగా కోళ్ల కాపురానికి ఇల్లుగా ఉండేది. దాన్ని బాగుచేసి, తొలి కోత కాయలు అందులోనే మార్కెట్టుకి తోలతానని మా మావగారి ముందు మీసం మెలేశాను. ఇంజను లేచింది, రంగు పడింది. గేరు రాడ్డుని గేరుబాక్సుకి కలిపే ఇనప ముక్క మాత్రం విరిగిపోయి ఉంది. అలాంటిది ఏ షాపులోనూ దొరకలేదు. కొత్తగా చేయించాల్సిందే.

ఇంజనీరింగ్ చదవలేదన్న చిన్న లోటు తప్ప నాకు అన్నీ తెలుసు కదా! మామిడిపళ్ల అట్టపెట్టె చింపి, బొమ్మ లేని వైపు నమూనా గీసి, కత్తిరించి రాంబాబు చేతిలో పెట్టాను.

"మామిడిపండు బొమ్మ పైకి రావాలాండీ, గీతలు పైకి రావాలాండీ?" అన్నాడు.

"బొమ్మ పైకే."

"గీసింది ఇటుపక్క కదండీ. ముక్క తిరగబడుద్దేమో, ఓసారి చూసుకోండి."

"బుర్ర నాది, చేతులు నీవి. కానియ్యవయ్యా!"

కానిచ్చాడు.

పూజ రోజున లారీ పెళ్లికూతురిలా మెరిసింది. మావగారు కొబ్బరికాయ కొట్టారు. టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టారు. బండికి అడ్డం ఎందుకని ఊరంతా వెనక నిలబడింది. భోజనాల షామియానా కూడా వెనకే. నేను ఫస్టు గేరు వేసి, క్లచ్చి వదిలాను.

లారీ వెనక్కి బయల్దేరింది.

"ముందుకి, అల్లుడూ, ముందుకి!"

"ముందుకే వేశానండీ!" అంటూ ఇంకాస్త తొక్కాను. బండి ఇంకాస్త హుషారుగా వెనక్కి పోయింది. అట్ట తిరగబడితే ముక్క తిరగబడింది, ముక్కతో పాటు గేర్లూ తిరగబడ్డాయి. జనం కోడిపిల్లల్లా చెదిరిపోయారు. షామియానా లారీకి ముసుగయింది, పులిహోర గంగాళం గాల్లోకి లేచింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నిమ్మకాయలకి కూడా.

మావగారు జుట్టులోంచి పులిహోర దులుపుకుంటూ, "ఎవడయ్యా ఆ ముక్క చేసింది?" అన్నారు.

"రాంబాబండీ."

అబద్ధం కాదు కదా! ఎవరి నమూనాతో చేశాడని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. పూజకి వచ్చిన రాంబాబు నావంక ఒక్క చూపు చూసి గంగాళం ఎత్తడానికి వెళ్లాడు. సాయంత్రానికల్లా రివర్సు రాంబాబు అయ్యాడు. చాట్రాయి నుంచి ట్రాక్టరు తెచ్చినవాళ్లు కూడా, "ముందుకే పోద్దంటావా?" అని అడిగాకే పని ఇచ్చేవారు.

మొన్న వేసవిలో ట్రాలీ కొక్కెం అతికించుకోవడానికి వెళ్లాను.

"మా కొత్త కోడలు నా నంబరు ఏమని పెట్టుకుందో తెలుసాండీ? రివర్సు మావయ్య గారు అని" అంటూ నవ్వబోయి ఆగిపోయాడు.

ఇక నావల్ల కాలేదు. "రాంబాబూ, ఆ తప్పు నాదయ్యా."

"నాకెప్పుడో తెలుసండీ. తెలియాల్సినోళ్లకి చెప్పండి" అని కోడలికి ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు.

ఇక ఈ జన్మలో అట్టపెట్టెల్లో పళ్లు సర్దడమే తప్ప వాటి మీద పెన్సిల్ పెట్టనని, మా తోటలోని చెట్లన్నిటి మీదా ఒట్టేసుకుని గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, మీ మావయ్య గారి తప్పు ఇసుమంతైనా లేదు. ఆ రివర్సు నేను. నన్ను క్షమించి, ఆ పేరు నా నంబరుకి పెట్టుకో తల్లీ."