నాలుగు కరపత్రాలు చదివిన ఇక్బాల్ బేగం

ఇక్బాల్ బేగం పంజాగుట్టలో మా ప్రెస్సులో కాతిబ్. ఉర్దూ కాగితం అచ్చు వేయాలంటే అప్పట్లో ముందు ఎవరో ఒకరు కలంతో చేత్తో రాయాలి. ఆ రాసేవాళ్లను కాతిబ్ అంటారు. తెలుగు అక్షరాలు కూర్చేది నేను, ఉర్దూ రాసేది ఆమె. భర్త పోయాక మామగారి దగ్గర కూర్చుని ఆ విద్య నేర్చుకుందట. తెలుగు కూడా తడబడకుండా చదివేది. నాకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు.

1986లో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో పోటీ ఇద్దరి మధ్యే. గొడుగు గుర్తు మీద చక్రపాణి గారు నిలబడ్డారు. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు. నిచ్చెన గుర్తు నర్సింహులుది. ఇక్కడివాడే, బొగ్గుల డిపో నడిపేవాడు. ఇళ్లన్నీ మళ్లీ కొలుస్తారని, ఇంటి పన్ను రెట్టింపు అవుతుందని పుకారు లేచింది. ఎక్కడ నలుగురు నిలబడ్డా అదే మాట.

ఇద్దరి కరపత్రాలూ మా ప్రెస్సుకే వచ్చాయి. ఒక్కొక్కరివి రెండు, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. రెండో రోజు ఇక్బాల్ బేగం కలం పక్కన పెట్టి నన్ను పిలిచింది.

"మొగిలయ్య భాయ్, నువ్వు కూర్చింది జర చదువు."

చదివాను. చక్రపాణి గారి తెలుగు కాగితంలో ఇంటి పన్ను సగం చేయిస్తానని ఉంది. ఆమె రాస్తున్న ఉర్దూ కాగితంలో పన్ను ఊసే లేదట. బస్తీ బస్తీకి నల్లా, మురుగు పోయే మోరీ, వీధి దీపం అని ఉందట. నర్సింహులు తెలుగు కాగితంలో పన్ను తగ్గించేది లేదని, పెద్దా చిన్నా అందరూ కడితేనే నీళ్లొస్తాయని ఉంది. ఉర్దూలో మాత్రం బస్తీ ఇళ్లకు పన్నే ఉండదట.

"మనకెందుకు బేగం? రాయమన్నది రాస్తం," అన్నాను.

ఆమె మళ్లీ కలం అందుకుంది. నాలుగు రోజుల్లో పని పూర్తి చేసి ఇచ్చింది.

కరపత్రాలు పంచిన తర్వాత వాళ్ల బస్తీలో నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెను చదివి చెప్పమన్నారు. బస్తీ మొత్తానికి అదొక్కటే నల్లా. బిందెలు వరుసలో పెట్టుకుని కూర్చున్నారు. ఆమె నాలుగు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. బంజారా హిల్స్ బంగళాల్లో పనిచేసే పోచమ్మ అంతా విని అడిగింది.

"గట్లయితె మనం పన్ను కట్టాల్నా, వద్దా?"

"నాకు సుత తెల్వది. వాళ్లనే అడుగుదాం," అన్నది ఇక్బాల్ బేగం.

ఆ ఆదివారం నర్సింహులు ఓట్లు అడుగుతూ బస్తీలోకి వచ్చాడు. ఆమె ఆయనవే రెండు కాగితాలు చేతికిచ్చి, "నర్సింహులన్నా, ఇండ్ల ఏది మీ మాట?" అని అడిగింది. వెంట వచ్చినవాళ్లు ఆమెను పక్కకు జరపబోయారు. ఆయనే వద్దన్నాడు. కాగితాలు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"నిజం చెప్తున్న అక్కా. చిన్న ఇల్లయినా ఎంతో కొంత కట్టాలె. ఏడాదికి పదో పదిహేనో. కట్టకుంటె పైపులు యాడికెల్లి వస్తయి? ఉర్దూ కాగితం మావోళ్లు ఓట్ల కోసం రాయించిన్రు. నేను సుత ఊకున్న."

ఆయన వెళ్లిపోయాక ఒకామె, "పన్ను ఉండదంటె సంబరపడితిమి," అని బిందె ఎత్తుకుంది.

చక్రపాణి గారు బస్తీలోకి రాలేదు. మెయిన్ రోడ్డు మీద మీటింగు పెట్టి, పన్ను పెంచితే ఓనర్లు అద్దె పెంచుతారని, ముందు నలిగేది కిరాయికి ఉన్నవాళ్లేనని చెప్పారు. మరునాడు ఆ మాట ఇక్బాల్ బేగమే నాకు చెప్పింది. "అది సుత అబద్ధం కాదు భాయ్. పోయినేడు మా కిరాయి గట్లనే పెరిగింది."

నర్సింహులు అరవై మూడు ఓట్లతో ఓడిపోయాడు. బస్తీ ఓట్లు చేజారాయని అందరూ అన్నారు. ఇక్బాల్ బేగం రెండు రోజులు పనికి రాలేదు. మూడో రోజు బొగ్గుల డిపోకు వెళ్లింది.

"నా వల్లనే ఓడిన్రని అంటున్నరు," అన్నదట.

"నువ్వు అడగకుంటె నేను చెప్పకపోదును. ఇప్పుడైతె నీ మీద కోపం ఉన్నది, లేదని చెప్ప. కొన్ని దినాలు పోనీ," అన్నాడట ఆయన. స్టూలు వేసి కూర్చోబెట్టి, తను బొగ్గుల తూకం దగ్గరికి వెళ్లిపోయాడట.

వారం తర్వాత ఆమె పోచమ్మను తీసుకుని చక్రపాణి గారి ఇంటికి బయలుదేరింది. నన్నూ రమ్మంది. ఆయన మర్యాదగానే కుర్చీలు వేయించారు.

"పన్ను సగం ఎప్పుడైతది సాబ్?" అని అడిగింది ఇక్బాల్ బేగం.

"అమ్మా, పన్ను రేటు కార్పొరేటర్ చేతిలో ఉండదండీ. పైవాళ్లు నిర్ణయిస్తారు."

"గా సంగతి ఎలక్షన్ల ముందు తెల్వదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తెలుసు. అందరూ రాస్తారమ్మా, మేమూ రాశాం. నల్లా సంగతి మాత్రం చూస్తాను."

"ఏ పైసలతోటి?"

ఆయన టీ తెమ్మని లోపలికి కేకేశారు. తాగి వచ్చేశాం.

తిరిగొస్తుంటే అమీర్‌పేట చౌరస్తా దగ్గర ఆమె ఆగింది. "ఇద్దర్నీ ఒక్క తీరుగ అడగాల్సుండె భాయ్. వచ్చినోణ్ని పట్టుకుని అడిగిన. రానోణ్ని వదిలేసిన. ఇప్పుడు అడిగి ఏం ఫాయిదా?"

రెండేళ్ల తర్వాత బస్తీకి రెండో నల్లా వచ్చింది. అదే ఏడు ఇంటింటికీ పన్ను చీటీ కూడా వచ్చింది.

తను ఎవరికి ఓటేసిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. నన్నూ అడగలేదు. నేను వేసింది గొడుగుకు. అమీర్‌పేట వెనక నాకు రెండు గదుల సొంత ఇల్లుంది. ప్రెస్సులో పక్కపక్కనే పనిచేసిన అన్నేళ్లలో ఆ మాట ఆమెతో అనలేకపోయాను.