అమ్మమ్మ కుడి మోకాలు

మా అమ్మమ్మకున్నన్ని జబ్బులు ఈ భూమ్మీద ఏ ఆసుపత్రికీ లేవు. అయిదంతస్తుల ఆసుపత్రి ఒకటి చూసుకుని, అందులో మంచమెక్కిన వాళ్లందరి రోగాలూ కుప్పపోసినా మా అమ్మమ్మ ఎడమ భుజానికి చాలవు. ఇది నేను గొప్పకి చెప్తున్న మాట కాదు. ఆవిడే చెప్పింది.

నిజానికి ఆవిడ ఒంట్లో ఒక్క జబ్బూ లేదు. డెబ్బై ఆరేళ్ల మనిషి, లిఫ్టు చెడిపోయిన రోజున మూడంతస్తులూ చకచకా ఎక్కేసి, దారిలో రొప్పుతూ నిలబడ్డ కుర్రాళ్లని "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని పలకరించి మరీ వెళ్తుంది. ఉన్న రోగం ఒకటే. జబ్బు గురించి మూడు ముక్కల్లో చెప్పలేదు. తలనొప్పి కానివ్వండి, కాలివేలి గోరు కానివ్వండి, కథ మొదలయ్యేది ఒక్కచోటే.

"మా పెద్దక్క పెళ్లిలో ఏమైందంటే..."

ఆ పెళ్లి జరిగి అరవై ఏళ్లయింది. అందరూ వేదిక మీద నిలబడి ఫొటో దిగుతుంటే ఫొటోగ్రాఫరు "కొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి" అన్నాడట. పదహారేళ్ల మా అమ్మమ్మ చెప్పిన మాట విని వెనక్కి, ఇంకా వెనక్కి జరిగి వేదిక మీంచి కింద పడింది. కుడి మోకాలు చిట్లింది. ఒక చెప్పు కనిపించకుండా పోయింది. మా ఇంట్లో అందరికీ కథ ఆ చెప్పు పోయేదాకే తెలుసు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి వినేవాళ్లకి ఏదో ఒక పని గుర్తొస్తుంది. మా తాతయ్య నలభై మూడేళ్లు కాపురం చేశాడు. ఆయన కూడా చెప్పు దొరక్కముందే పోయాడు.

ఇక నా సంగతి. పదో తరగతికీ నాకూ రెండుసార్లు కుస్తీ జరిగింది. రెండుసార్లూ పదో తరగతే గెలిచింది. తర్వాత నేను ఊరుకుని, హోమియో ఆసుపత్రి మందుల గదిలో చేరాను. చక్కెర గుళికలు సీసాల్లో పోసి, మూతలు బిగించి, చీటీలు అంటించడం నా పని.

ఆ ఆసుపత్రిలో ఏటా ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాల శిక్షణ పెడతారు. హోమియో చదివే పిల్లలు ముప్పైమంది దాకా వస్తారు. పుస్తకంలో చదివింది మనుషుల మీద చూసుకోవాలి కదా! చిక్కేమిటంటే ఎండాకాలంలో పేషెంట్లు రారు. ఆ ఎండలో నడిచి రావడం కంటే జబ్బే నయమనుకుంటారు. మూడేళ్ల కిందట ఒకాయన జలుబుతో వస్తే ముప్పైమందీ చుట్టూ మూగారు. ఆయనకి జలుబు అక్కడికక్కడే తగ్గిపోయింది. మళ్లీ కనిపిస్తే ఒట్టు.

ఆ మరుసటి ఎండాకాలం పెద్ద డాక్టరుగారు మందుల గదికొచ్చి నన్నడిగారు.

"అమ్మాయ్, మీ వీధిలో జబ్బుమనుషులు ఎవరైనా ఉంటే రమ్మంటావా? పిల్లలు ఖాళీగా కూర్చున్నారు."

"ఒక్కరు చాలా సార్?"

"ఒక్కరేం సరిపోతారమ్మా?"

"మీరు మా అమ్మమ్మని చూళ్లేదు."

ఆ మర్నాటి నుంచీ మా అమ్మమ్మకి ఉద్యోగం దొరికినట్టయింది. తెల్లారగానే తల దువ్వుకుని, కళ్లజోడు తుడుచుకుని, అద్దం ముందు నిలబడి ఆలోచించేది.

"ఏమే, నిన్న ఏది పెట్టుకున్నాను?"

"పొట్ట."

"మొన్న?"

"నడుం."

"అయితే ఇవాళ కళ్లు తిరగడం పెట్టుకుంటా. అది పెట్టుకుని చాలా రోజులైంది."

జీతం లేదు, బత్తెం లేదు. "అంతంత దూరాల నుంచి వచ్చిన పిల్లలే. ఒట్టి కుర్చీకేసి చూస్తూ కూర్చుంటారా పాపం!" అనేది. నేర్చుకునే వాళ్లు రాసే మందులు కాబట్టి ఆవిడకి పెద్ద డాక్టరుగారు ఉత్త చక్కెర గుళికలే ఇమ్మన్నారు. పోసేది నేనే కనుక నాకు తెలుసు. ఆవిడకి మాత్రం చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే "ఆ సన్నగా ఉండే అబ్బాయి హస్తవాసి మంచిదే, ఇట్టే లాగేసింది" అంటుంటే నేను సీసాల వైపు తిరిగి నవ్వుకునేదాన్ని.

హోమియో వాళ్ల ప్రశ్నలు మీకు తెలుసో లేదో. మిగతా డాక్టర్లు నొప్పి ఎక్కడని అడుగుతారు. వీళ్లు ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, నీళ్లు గటగటా తాగుతారా గుక్కగుక్కగా తాగుతారా, కలలో పడిపోతున్నట్టు అనిపిస్తుందా అని కూడా అడుగుతారు. మామూలు మనుషులు విసుక్కుంటారు. మా అమ్మమ్మ మాత్రం, డెబ్బై ఆరేళ్లుగా తనని ఎవరైనా ఈ ప్రశ్నలు అడుగుతారేమోనని ఎదురుచూసిన మనిషిలా మొహం వెలిగించుకుని కూర్చునేది.

"కలలో పడిపోవడమా? కలలో ఎందుకు నాయనా, నిజంగానే పడ్డాను. మా పెద్దక్క పెళ్లిలో ఏమైందంటే..."

ఈ ఏడు బ్యాచీలో ఒకబ్బాయి ఉన్నాడు. అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. నాలుగు నిమిషాల్లో మందు రాసేస్తాడు.

"మామ్మగారూ, టైం లేదు. నొప్పి ఎక్కడ? అవునా కాదా, అంతే చెప్పండి."

"నొప్పి ఎక్కడంటే అవునా కాదా అంటావేంటి బాబూ?"

"సరే, ఎండ పడదా, చలి పడదా?"

"తొందర పడదు నాయనా."

వాడికి పూర్తి విరుద్ధం ఒకమ్మాయి. ఆ పిల్ల పేరు రిజిస్టర్లో ఏముందో గాని ఆసుపత్రిలో అందరికీ నిదానమే. ఎదుటి మనిషి మాట మధ్యలో అడ్డు రావడం ఆ పిల్లకి చేతకాదు. చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటుంది. "నిదానం మందు రాసేలోపు జబ్బుకే విసుగు పుట్టి వెళ్లిపోతుంది" అని ఎక్స్‌ప్రెస్ గాడి వేళాకోళం. శిక్షణ చివరి రోజున పరీక్ష ఉంటుంది. ఆ ఒక్క రోజుకీ ఊళ్లో వాళ్లని బతిమాలి తెస్తారు. ఒక్కొక్కరికి ఒక పేషెంటు, ఒక్క అరగంట. కిందటేడు గంట కొట్టేసరికి నిదానం ఇంకా నిద్ర గురించిన ప్రశ్నల దగ్గరే ఉంది. పరీక్ష కాగితంలో మందు రాయాల్సిన గడి ఖాళీ. తప్పింది. రెండుసార్లు తప్పితే మళ్లీ రానివ్వరు.

"ఈసారీ తప్పితే మా మేనమామ తన సిమెంటు కొట్లో కూర్చోబెడతానన్నాడు," అంది ఓ మధ్యాహ్నం మందుల గది గుమ్మంలో నిలబడి.

"సిమెంటు కొట్టుకొచ్చే వాళ్లు ఏ పక్కకి తిరిగి పడుకుంటారో అడగనివ్వడా?" అన్నాను.

నవ్వింది గాని, కళ్లు నవ్వలేదు.

కిందటేడు వంతు రాలేదు గాని, ఈ ఏడు మూడో వారంలో ఈ నిదానానికి మా అమ్మమ్మ దొరికింది. లేదా అమ్మమ్మకి నిదానం దొరికింది. పొద్దున తొమ్మిదింటికి "మా పెద్దక్క పెళ్లిలో" మొదలైంది. పదకొండింటికి ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఒంటిగంటకి చెప్పు పోయింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు ఏదో పని గుర్తొస్తుంది అని. నిదానం ఇంకో పేజీ తిప్పి, మెల్లిగా తలెత్తి అడిగింది.

"తర్వాత ఏమైంది మామ్మగారూ? చెప్పు దొరికిందా?"

మా అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని ఆ పిల్లని చూసింది. అరవై ఏళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి లేదు. అప్పుడే పని గుర్తొచ్చి నేను వెళ్లిపోయాను. మిగతా కథ మర్నాడు సాయంత్రం దాకా సాగింది. నిదానం నోటుబుక్కులో నలభై పేజీలైంది. ఆ రోజు ఇంటికొస్తూ అమ్మమ్మ ఒక్క జబ్బు గురించీ మాట్లాడలేదు. నాకు కొంచెం భయమేసింది కూడా.

పరీక్షకి ముందు నాలుగు రోజులూ ఆవిడ అద్దం ముందు నిలబడి ఏదో గొణుక్కునేది. వేళ్లు మడిచి లెక్కపెట్టేది. మధ్యలో "అబ్బే, మళ్లీ అటే పోతున్నా" అని తన నెత్తిన తనే మొట్టుకునేది. ఎవరినో తిట్టడానికి మాటలు కూర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను.

పరీక్ష రోజు చీటీలు తీశారు. అమ్మమ్మ నిదానానికే పడింది. ఎక్స్‌ప్రెస్ వెళ్లి నిదానం భుజం తట్టి "సిమెంటు మంచి వ్యాపారమేలే" అన్నాడు. నిదానం మొహం పాలిపోయింది. మా అమ్మమ్మకి అరగంటంటే గొంతు సవరించుకోవడానికే చాలదని అందరికీ తెలుసు. పెద్ద డాక్టరుగారు గోడ గడియారం చూసి "ఊఁ, కానివ్వండి" అన్నారు.

"మామ్మగారూ, మీ బాధేమిటో చెప్పండి," అంది నిదానం.

హాలంతా "మా పెద్దక్క పెళ్లి"కి సిద్ధమైంది. వెనక వరుసలో ఒకడు గోడకి చేరబడి కళ్లు కూడా మూసుకున్నాడు.

"ఎడమ మోకాలు," అంది మా అమ్మమ్మ. "పొద్దున లేవగానే బిగుసుకుంటుంది. నాలుగడుగులేస్తే సర్దుకుంటుంది. చన్నీళ్లు తగిలితే ఎక్కువవుతుంది. అంతే."

అని పెదాలు బిగించేసింది.

ఒక నిమిషం గడిచింది. ఆవిడ నోరు తెరవలేదు. గోడకి చేరబడ్డవాడు ఉలిక్కిపడి లేచాడు. నర్సమ్మ ముందు తేరుకుంది.

"అయ్యో, మామ్మగారికి ఏదో అయింది!"

ఎవరో నీళ్లు తెచ్చారు. ఎవరో కిటికీలు తెరిచారు. ఎక్స్‌ప్రెస్ స్ట్రెచర్ కోసం పరిగెత్తాడు. వాడు మంచివాడేనని నాకు అప్పుడే తెలిసింది. నేను సీసాలు వదిలేసి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పెద్ద డాక్టరుగారు స్వయంగా బీపీ చూశారు. బాగానే ఉంది. నాడి చూశారు. గుర్రంలా ఉంది.

"అమ్మా, ఛాతీలో ఏమైనా బరువుగా ఉందా? మాట తడబడుతోందా? ఒక్కసారి మీ పెద్దక్క పెళ్లి గురించి చెప్పండి, చూద్దాం."

మా అమ్మమ్మ గింజుకుపోయింది. చెంపలు ఎర్రబడ్డాయి. పెళ్లి గొంతు దాకా వచ్చిందని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా గుటక వేసి, తల అడ్డంగా ఊపింది.

"లాభం లేదు," అన్నారు పెద్ద డాక్టరుగారు. "ఈవిడని ముందు పెద్దాసుపత్రికి పంపాలి. ఈ పరీక్ష చెల్లదు. వేరే పేషెంటు కూడా మిగల్లేదు."

చెల్లదంటే నిదానం తప్పినట్టే. మా అమ్మమ్మ నా చెయ్యి నొక్కింది చూడండి, నా వేళ్లు ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాయి.

అప్పుడు నిదానం లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ల మాటకి అడ్డొచ్చింది.

"మామ్మగారికేం కాలేదండి."

"నీకెలా తెలుసు?"

"ఆవిడ పడింది కుడి మోకాలి మీద. నలభై పేజీలు రాసుకున్నానండి, ఎడమ మోకాలు అందులో ఎక్కడా రాదు. ఇందాక వరండాలో ఆ ఎడమకాలే మడిచి నేల మీద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచారు." నోటుబుక్కు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నాకు టైం చాలదని కుదించి చెప్పారండి, అంతే. ఆవిడకి ఈ నొప్పి లేదు. ఏ నొప్పీ లేదు. నేను మందు రాయలేను."

పెద్ద డాక్టరుగారు నోటుబుక్కు తీసుకున్నారు. నిలబడే చదవడం మొదలుపెట్టి, తర్వాత కూర్చున్నారు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట "ఆఁ! చెప్పు అక్కడుందా!" అని పెద్దగా నవ్వారు. అందరూ మెడలు సాచారు. ఆయన చూపించలేదు.

"మూడు ఎండాకాలాలు," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "నా శిష్యులు ఈవిడకి ఇప్పటికి నూటపదకొండు మందులు రాశారు. ఈవిడకి జబ్బు లేదని కనిపెట్టిన మొదటి డాక్టరువి నువ్వే."

మందు గడిలో "అవసరం లేదు" అని నిదానం చేతే రాయించి, పాసని సంతకం పెట్టారు. గంట కొట్టడానికి ఇంకా ఆరు నిమిషాలుంది.

నిదానం వచ్చి అమ్మమ్మ చేతులు పట్టుకుంటే ఆవిడ విదిలించుకుంది.

"నలుగురిలో నాకు జబ్బు లేదంటావుటే? పరువు తీశావు కదే!"

"తప్పయిపోయింది మామ్మగారూ."

"వచ్చే ఎండాకాలం రా. నువ్వు కనిపెట్టలేనిది ఒకటి చూపిస్తా," అని, ఆ పిల్ల బుగ్గ మీద చిటికె వేసి బయటికి నడిచింది.

ఇంటికొస్తూ అడిగాను. "అమ్మమ్మా, అంత చిన్నగా చెప్పడం ఎలా వచ్చిందే నీకు? నాలుగు రోజులు అద్దం ముందు గొణిగింది అదేనా?"

"మరి? చీటీల్లో నేను ఆ పిల్లకే పడితే? ఇచ్చేది అరగంటేగా!"

"అయితే కుడి మోకాలే చెప్పొచ్చుగా. ఎడమదని ఎందుకు చెప్పావు?"

"కుడిదంటే పెళ్లిదాకా పోకుండా ఆగగలనా? నా సంగతి నాకు తెలీదూ! ఎడమదానికయితే కథ లేదు."

ఆ మాట విన్నాకే ఇదంతా రాయాలనిపించింది. పదో తరగతి దాటని చేత్తో, మందుల చీటీల వెనకాల, వారం రోజులు రాశాను. తప్పులుంటే దిద్దుకోండి. పూర్తయ్యాక కాగితాలు ఆవిడ ముందు పెట్టాను.

"ఏంటే ఇది?"

"నీ గురించే. నీ జీవితమంతా రాసేశాను."

కళ్లజోడు సర్దుకుని, చదవకుండా కాగితాలు లెక్కపెట్టింది.

"అయిదా? అయిదు కాగితాలకి నేనింకా పెళ్లికి బయల్దేరను కూడా బయల్దేరను. పో, ఇంకాసిని చీటీలు పట్టుకురా."