గాజు గిన్నెలో తిరునామం

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం. తిరుత్తణి దగ్గర మా ఊరి భజన గోష్ఠిలో పెరిగిన నాకు, తిరువళ్లూరు పక్కన ఒక కాలేజీ ల్యాబులో గాజు గిన్నెలు కడిగే తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. ఇప్పించింది అక్కడే పరిశోధన చేస్తున్న మా బావ. (ఇందులో ఆయనకేం లాభమా అని కొన్నాళ్లు ఆరా తీశాను.)

బావ పని బ్యాక్టీరియాతో. వాటి జన్యువులు మార్చి, వెలుతురు పడితే ఎర్రరంగు పుట్టించేలా, చీకట్లో తెల్లగానే ఉండిపోయేలా చేశాడు. వాటిని పెంచే గిన్నెను ఒక పెట్టెలో పెట్టి, పైన గాజు పలక మూసి, ఆ పైన దీపం వేలాడదీసేవాడు. కంటికి కనబడని పురుగులకు వెలుతురు కనబడటమేమిటి? అవి నన్ను కూడా చూస్తున్నాయేమోనని ఆ పెట్టె ముందు నేను వీపు తిప్పేవాణ్ణి కాదు.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు కత్తిపీట నుంచి ట్రాక్టరు దాకా అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టాల్సిందే. బావ మధ్యాహ్నమే ఊరికి వెళ్లాడు. నేను మైక్రోస్కోపుకు బొట్టు పెట్టి, ఆ పురుగులు అదుపులో ఉండాలని గాజు పలక మీద చిక్కటి చందనంతో పెద్ద తిరునామం తీర్చాను. మర్నాడు విజయదశమి సెలవు. ఆ మర్నాడు వచ్చి, అలవాటుగా పలక తుడిచి పెట్టె తెరిచాను. ఎర్రటి గిన్నె మధ్యలో తెల్లటి తిరునామం.

స్వామి ప్రత్యక్షమయ్యాడని నాకు తోచనే లేదు. బావ గీశాడనుకున్నాను. నా భక్తిని వెక్కిరించడానికే. ఆ ఉదయం ఆయన ఈల వేస్తూ రావడం కూడా సాక్ష్యంగానే కనిపించింది. వెంటనే ల్యాబు పెద్ద అయిన మేడంకు ఫిర్యాదు రాసిచ్చాను. బావకు ఇంకో ఏడాది పొడిగింపు ఇవ్వాలా వద్దా అని ఆవిడ తేల్చాల్సింది ఆ వారమే. అది తెలిసే రాశాను.

మేడం ఇద్దరినీ పిలిచింది. గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను అడిగింది.

"తంబీ, పండగనాడు ఈ గాజు మీద ఏమన్నా పూసినావా?"

"చందనం మేడం. పూజకి."

"అది అడ్డమొచ్చిన చోట వెలుతురు దిగలేదు. దీన్ని గీసింది నువ్వే."

బావ తిట్టినా బాగుండేది. వారం రోజుల కష్టం పాడయిన ఆ గిన్నెను చూసుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"నామం కనబడితే దండం పెట్టుకోవాల గదరా సామీ. దాంట్లో నేను యాడ కనబడినాను నీకు?"

మేడం ఫిర్యాదు నా చేతికే ఇచ్చి చింపమంది, చింపాను. బావ పొడిగింపు కాగితం మీద నా ముందే సంతకం చేసింది. సాయంత్రం ట్రైన్‌లో బావ నన్ను పిలిచి కిటికీ పక్క సీటు ఇచ్చాడు. (ఎందుకిచ్చాడా అని అరక్కోణం దాకా ఆలోచించాను.) అప్పటి నన్ను, ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. స్వామి వేయి పేర్లూ వాడికి నోటికి వచ్చు. పక్కన కూర్చున్న మనిషి మాత్రం బొత్తిగా తెలియదు.